భాషా పాఠశాలలో బోధనాభ్యాసం

భాషా పాఠశాలలో బోధనాభ్యాసం అంటే భాషాబోధనను వృత్తిగా స్వీకరించదలచిన వ్యక్తి, అనుభవజ్ఞుడైన శిక్షకుని పర్యవేక్షణలో, నిజమైన విద్యార్థులున్న తరగతికి కొంతకాలం పాఠాలు చెప్పి ఆ పని నేర్చుకోవడం. దీనిని ఇంటర్న్‌షిప్ అనీ, టీచింగ్ ప్రాక్టీస్ అనీ కూడా వ్యవహరిస్తారు. వైద్యవిద్యలో హౌస్ సర్జన్ చేసే పనికీ, బి.ఎడ్. విద్యార్థి పాఠశాలకు వెళ్ళి పాఠాలు చెప్పడానికీ దీనికీ దగ్గర పోలిక ఉంది. అయితే వివిధ దేశాల విద్యార్థులు ఒకే గదిలో కూర్చునే భాషా పాఠశాలలో ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ ఉపాధ్యాయునికీ విద్యార్థులకూ మధ్య, విద్యార్థులకు తమలో తమకు మధ్య కూడా, ఉమ్మడి భాష ఉండదు. నేర్పవలసిన భాషలోనే నేర్పవలసి ఉంటుంది. అందువలన ఉపాధ్యాయులందరూ ఆధారపడే సాధనం, అంటే విషయాన్ని వివరించి చెప్పడం, శిక్షణార్థికి తొలిరోజునే దూరమవుతుంది. ఈ వ్యాసంలో ప్రధానంగా ఆంగ్లం బోధించే పాఠశాలల గురించి ఉంది. తెలుగు మొదలైన ఇతర భాషల సంగతి తగినచోట ప్రస్తావించబడింది.

నేపథ్యం

19వ శతాబ్దం చివరి వరకు ఐరోపా, అమెరికా పాఠశాలల్లో విదేశీ భాషలను ఎక్కువగా వ్యాకరణ-అనువాద పద్ధతిలో నేర్పేవారు. గ్రీకు, లాటిన్ భాషలకు వాడిన పద్ధతినే ఫ్రెంచికీ, జర్మనుకూ వాడేవారు. శబ్దమంజరి వల్లెవేసి సంస్కృతం నేర్చుకున్నవారికి ఈ పద్ధతి పరిచితమే. ఇందులో ఉపాధ్యాయునికి విద్యార్థుల భాష తప్పనిసరిగా తెలియాలి. విద్యార్థులందరిదీ ఒకే భాష కావాలి.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మాక్సిమిలియన్ బెర్లిట్జ్ 1878లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో ఒక భాషా పాఠశాల స్థాపించాడు. ఫ్రెంచి బోధించడానికి నికొలా జోలీ అనే వ్యక్తిని సహాయకునిగా నియమించుకున్నాడు. వచ్చిన తరువాత చూస్తే జోలీకి ఆంగ్లం రాదు. అదే సమయంలో బెర్లిట్జ్ జబ్బుపడడంతో తరగతి మొత్తం జోలీ చేతిలో పడింది. అతడు వస్తువులు చూపిస్తూ, అభినయిస్తూ పాఠం నడిపాడనీ, కొన్ని వారాల తరువాత తిరిగివచ్చిన బెర్లిట్జ్‌కు విద్యార్థులు ఫ్రెంచిలోనే ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పుకుంటూ కనిపించారనీ ఆ సంస్థ చెప్పుకొనే కథ. ఏ సంస్థ అయినా తన పుట్టుక గురించి చెప్పుకొనే కథను కొంత తగ్గించుకుని వినడం మంచిది. అయినా విద్యార్థి భాషను వాడకుండా నేర్పే ప్రత్యక్ష పద్ధతి ఆ తరువాతి దశాబ్దాల్లో ఈ పాఠశాలల ద్వారానే అనేక దేశాలకు వ్యాపించింది. వేరువేరు భాషలవారిని ఒకే తరగతిలో కూర్చోబెట్టడం దీనితో సాధ్యమైంది.

ఈ పాఠశాలలు ఎందరో యువకులకు తొలి జీవనాధారం అయ్యాయి. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 1904లో పోలా పట్టణంలోని (నేటి క్రొయేషియాలోని పూలా) బెర్లిట్జ్ పాఠశాలలో చేరి ఆస్ట్రియా-హంగరీ నౌకాదళ అధికారులకు ఆంగ్లం చెప్పాడు. 1905లో ట్రియెస్ట్ నగరానికి మారాడు. ఆ కాలంలో ఆ భాష మాతృభాష కావడమే ఉపాధ్యాయుని ప్రధాన అర్హతగా పరిగణించేవారు. బోధన కూడా నేర్చుకోవలసిన విద్య అనే ఆలోచన ఈ రంగంలో ఆలస్యంగా స్థిరపడింది.

జాన్ హేక్రాఫ్ట్, బ్రీటా హేక్రాఫ్ట్ దంపతులు 1953లో స్పెయిన్‌లోని కార్డోబాలో ఒక భాషా పాఠశాల పెట్టారు. 1959లో లండన్‌లో మరొకటి ప్రారంభించారు. ఇదే తరువాత ఇంటర్నేషనల్ హౌస్‌గా ప్రసిద్ధి చెందింది. కొత్త ఉపాధ్యాయుల కోసం 1962లో అక్కడ ఒక చిన్న శిక్షణ కోర్సు మొదలుపెట్టారు. సిద్ధాంతం తక్కువగా, తరగతి గదిలో పని ఎక్కువగా ఉండడం దీని లక్షణం. ఈ కోర్సు 1970లలో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ గుర్తింపు కిందికి, 1988లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరీక్షల సంస్థ కిందికి వచ్చింది. 1996 నుండి సెల్టా అనే పేరుతో నడుస్తోంది. నేడు వయోజనులకు ఆంగ్లం చెప్పేవారికి ఉన్న తొలిస్థాయి శిక్షణల్లో బాగా పేరున్నది ఇదే. దీనిలో కనీసం 120 గంటల శిక్షణ ఉంటుంది. అందులో 6 గంటలు శిక్షణార్థి స్వయంగా తరగతికి పాఠం చెప్పాలి. కనీసం రెండు వేరువేరు స్థాయిల విద్యార్థులకు చెప్పాలి. అనుభవజ్ఞుల పాఠాలను మరో 6 గంటలు చూడాలి. నాలుగు వ్రాతపనులు సమర్పించాలి. ఆరు గంటలంటే చాలా తక్కువగా తోస్తుంది. కానీ ఒక్కొక్క పాఠం 40 నిమిషాలో, గంటో ఉంటుంది. దానికి సన్నాహం చేయడానికి తొలివారంలో రాత్రి మొత్తం పట్టడం అరుదు కాదు.

తరగతి స్వరూపం

ఒక శిక్షకుని కింద ఆరుగురు మించకుండా శిక్షణార్థులు ఉంటారు. ఒకరు పాఠం చెబుతుండగా మిగిలినవారు గది వెనుక కూర్చుని చూస్తూ వ్రాసుకుంటారు. శిక్షకుడు కూడా అక్కడే ఉంటాడు. పాఠం తడబడినా సాధారణంగా మధ్యలో కలుగజేసుకోడు. పాఠం ముగిసిన తరువాత అందరూ కలిసి చర్చిస్తారు. మొదట పాఠం చెప్పినవారు తమ పాఠం గురించి తామే చెప్పాలి, తరువాత తోటివారు, చివరికి శిక్షకుడు. తన పాఠంలో లోపం ఎక్కడుందో తాను కనిపెట్టగలగడం కూడా మూల్యాంకనంలో భాగమే.

ప్రతి పాఠానికీ ముందుగా పాఠ్య పథకం వ్రాసి ఇవ్వాలి. ఏ అంశం చెప్పదలచారు, ఏ కృత్యానికి ఎన్ని నిమిషాలు, విద్యార్థులు ఎక్కడ పొరబడే అవకాశం ఉంది, అప్పుడు ఏమి చేయాలి అన్నవి అందులో ఉండాలి. బి.ఎడ్. చదివినవారికి ఇది కొత్త కాదు. కొత్తగా ఉండేది పొరబడే అవకాశాలను ఊహించడమే. తెలుగు మాధ్యమ పాఠశాలలో ఇరవైమంది పిల్లలు దాదాపు ఒకే చోట పొరబడతారు. ఇక్కడ ఎదురుగా ఉన్న పన్నెండుమందిలో బ్రెజిల్ నుండి వచ్చినామె ఒకచోట, సౌదీ అరేబియా విద్యార్థి మరొకచోట, కొరియా యువకుడు ఇంకొకచోట ఆగిపోతారు. ముగ్గురిదీ ఒకే స్థాయి అని ప్రవేశపరీక్ష చెబుతుంది. ఐరోపా మండలి 2001లో ప్రచురించిన కొలమానం ప్రకారం ఏ1 నుండి సీ2 వరకు ఆరు స్థాయిలు ఉన్నాయి. కానీ ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరిలో ఒకరు ధారాళంగా మాట్లాడుతూ ఒక్క వాక్యం వ్రాయలేకపోవచ్చు. మరొకరు వ్యాకరణమంతా తెలిసి నోరు విప్పలేకపోవచ్చు. మన ప్రాంతంలో పన్నెండేళ్ళు ఆంగ్లం చదివి కళాశాలకు వచ్చే విద్యార్థి సాధారణంగా ఈ రెండవ కోవకు చెందుతాడు.

వివరించకుండా అర్థం చెప్పడం

శిక్షణార్థులు తొలి పాఠాల్లో చేసే పొరపాటు ఎక్కువ మాట్లాడడం. అర్థం కాని మాటను వివరించడానికి అంతకంటే కష్టమైన మాటలు వాడతారు. ముఖాలు వెలవెలబోవడం చూసి మరింత గట్టిగా, మరింత పొడుగ్గా చెబుతారు. ఉమ్మడి భాష ఉన్న తరగతిలో ఒక్క తెలుగు మాటతో ఈ చిక్కు తీరిపోతుంది. ఇక్కడ ఆ వీలు లేదు.

అందుకే వస్తువులు, బొమ్మలు, అభినయం, బల్ల మీద గీసిన గీతలు ముఖ్య సాధనాలు అవుతాయి. కాలాలను చెప్పడానికి ఒక అడ్డగీత గీసి ఎడమవైపు గతం, మధ్యలో వర్తమానం, కుడివైపు భవిష్యత్తు అని గుర్తులు పెట్టడం వాడుక. కుడి నుండి ఎడమకు వ్రాసే అరబ్బీ, పారశీక పాఠకులకు ఈ గీత తలకిందులుగా కనిపించవచ్చు. కాలం ఎడమ నుండి కుడికి నడుస్తుందన్నది లిపి అలవాటే గాని లోకమంతటికీ ఒక్కటైన విషయం కాదని చాలామంది శిక్షణార్థులు ఇక్కడే తెలుసుకుంటారు.

విద్యార్థికి అర్థమయిందో లేదో తెలుసుకోవడం మరో కష్టం. "అర్థమయిందా?" అని అడగడం నిష్ప్రయోజనం. అవునని తల ఊపడం అన్ని దేశాల విద్యార్థులకూ వచ్చిన విద్యే. గురువు మాట అర్థం కాలేదంటే గురువును తప్పుపట్టినట్లవుతుందని భావించేవారు తూర్పు ఆసియాలోనే కాదు, మన దేశంలోనూ ఉన్నారు. కనుక జవాబును బట్టి అవగాహన బయటపడే చిన్న ప్రశ్నలు వేయడం నేర్పుతారు. ఉదాహరణకు "హీ యూస్డ్ టు స్మోక్" అనే వాక్యం చెప్పిన తరువాత, "ఇప్పుడు తాగుతున్నాడా? ఒకప్పుడు తాగాడా? ఒక్కసారే తాగాడా, చాలాసార్లా?" అని ఆంగ్లంలోనే సులువైన మాటల్లో అడుగుతారు. ఈ ప్రశ్నలను అప్పటికప్పుడు తయారుచేయడం అసాధ్యం. ముందురోజు కూర్చుని వ్రాసుకోవాలి. వ్రాసుకోవాలంటే ఆ వాక్యం నిజంగా ఏమి చెబుతోందో శిక్షణార్థికి తెలియాలి. పుట్టినప్పటినుండి ఆ భాష మాట్లాడుతున్నవారికి తెలియనిది తరచు ఇదే. తెలుగువారిని ఎవరైనా "వచ్చాడు", "వచ్చేశాడు" అనే మాటలకు తేడా ఏమిటని అడిగితే ఈ ఇబ్బంది ఎటువంటిదో బోధపడుతుంది.

మాతృభాషల ప్రభావం

విద్యార్థి చేసే తప్పు తరచు అతని భాషలో ఒప్పే. అరబ్బీలో ప-కారం లేదు. కాబట్టి అరబ్బీ మాట్లాడేవారి నోట పార్కింగ్ అనే మాట బార్కింగ్ అవుతుంది. జపనీయులకు ఆంగ్లంలోని ర-కార ల-కారాలు వేరుగా వినిపించవు. కొరియా భాషలో ఫ-కారం లేనందువలన కాఫీ కొపి అవుతుంది. స్పానిష్ భాషలో స-కారంతో మొదలయ్యే సంయుక్తాక్షరం మాట ఆదిలో రాదు. అందుకే వారు స్కూలును ఎస్కూల్ అంటారు. దీనికి నవ్వేవారు మన పల్లెల్లో ఇస్కూలు అనే మాట ఎలా పుట్టిందో గుర్తుచేసుకోవచ్చు.

వాక్యనిర్మాణంలో కూడా ఇంతే. రష్యన్, చైనీస్, జపనీస్ భాషల్లో ఆంగ్లంలోని ఏ, ది వంటి ఉపపదాలు లేవు. తెలుగులోనూ లేవు. రష్యన్, అరబ్బీ భాషల్లో వర్తమానంలో "ఆయన డాక్టరు" అనడానికి క్రియ అక్కరలేదు. తెలుగులోనూ అక్కరలేదు. రష్యన్ విద్యార్థి "హీ డాక్టర్" అంటే ఇంగ్లండులో పుట్టిన శిక్షణార్థికి అది కేవలం తప్పు. తెలుగు మాతృభాషగా గల శిక్షణార్థికి అది తనకు తెలిసిన వాక్యం. ఈ తప్పు ఎందుకు వచ్చిందో తెలిసినవాడు దానిని దిద్దే తీరు వేరుగా ఉంటుంది. సెల్టాలోని నాలుగు వ్రాతపనులలో ఒకటి విద్యార్థుల నేపథ్యాన్నీ, వారి తప్పులనూ పరిశీలించడానికే కేటాయించబడింది. వారి భాష గురించి కొంతైనా చదవకుండా దానిని సరిగా వ్రాయడం కష్టం.

ప్రతి తప్పునూ దిద్దితే విద్యార్థి నోరు మూసుకుంటాడు. ఏదీ దిద్దకపోతే ఆ తప్పు స్థిరపడిపోతుంది. ఎప్పుడు దిద్దాలి అన్నదానిపై నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. వ్యాకరణ అభ్యాసంలో వెంటనే, సంభాషణ జరుగుతున్నప్పుడు తరువాత దిద్దాలన్నది సాధారణంగా శిక్షణార్థులకు చెప్పే సూత్రం. ఇది పని జరగడానికి పెట్టుకున్న నియమమే గాని శాస్త్రం కాదు.

పేర్లు, సంజ్ఞలు, మర్యాదలు

హాజరు పిలవడంతోనే పరీక్ష మొదలవుతుంది. చైనా, కొరియా, హంగరీ దేశాల వారు తెలుగువారివలెనే ఇంటిపేరు ముందు పెడతారు. స్పానిష్ మాట్లాడేవారికి సాధారణంగా రెండు ఇంటిపేర్లు, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. మయన్మార్ వారికి ఇంటిపేరే ఉండదు. ఇండొనేసియాలో ఒకే పేరు గలవారు ఎందరో ఉన్నారు. దరఖాస్తు ఫారంలోని మొదటి పేరు, చివరి పేరు అనే గడులు వీరిలో ఎవరికీ సరిపడవు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అనే అక్షరాలే మొదటి పేరుగా అచ్చయిన తెలుగువారికి ఈ బాధ వేరుగా వివరించనక్కరలేదు. పేరు సరిగా పలకడం, ఏ పేరుతో పిలవాలో అడిగి తెలుసుకోవడం తొలి పాఠానికి ముందే జరగాలని శిక్షకులు పట్టుబడతారు. పలకడం కష్టమని విద్యార్థికి ఒక ఆంగ్ల నామం తగిలించడం పాతకాలపు అలవాటు. కొందరు విద్యార్థులు దానిని తామే కోరుకుంటారు. కోరనివారికి అంటగట్టడం మర్యాద కాదు.

మాటలు తక్కువగా ఉన్న తరగతిలో చేతి సైగలు ఎక్కువ పని చేస్తాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని అర్థం. బొటనవేలు పైకెత్తి చూపడం ఇరాన్ వంటి దేశాల్లో సంప్రదాయికంగా అసభ్యమైన సైగ. తెలుగువారు సరేననడానికి తలను ఇటూ అటూ ఆడించే తీరు విదేశీయులకు అవునో కాదో తేలదు. తెలుగు శిక్షణార్థి తన ముందున్న విద్యార్థిని మెచ్చుకుంటూ తల ఆడిస్తే, ఆ విద్యార్థి తన జవాబు తప్పేమోనని మార్చి చెప్పే అవకాశం ఉంది.

జంటలుగా మాట్లాడుకొమ్మనడం ఈ బోధనలో ప్రధాన కృత్యం. వేరువేరు భాషలవారిని జతచేస్తే వారు ఆంగ్లంలోనే మాట్లాడవలసి వస్తుంది. కానీ జత కలిపేటప్పుడు భాష ఒక్కటే చూస్తే చాలదు. అపరిచితులైన స్త్రీపురుషులు పక్కపక్కన కూర్చోవడం కొందరికి ఇబ్బంది. తనకంటే పెద్దవాని తప్పు దిద్దడం కొందరికి అమర్యాద. యుద్ధంలో ఉన్న రెండు దేశాల వారు ఒకే తరగతిలో ఉండడం కూడా అరుదు కాదు. రంజాన్ మాసంలో మధ్యాహ్నపు తరగతికి వచ్చేవారు ఉదయం నుండి మంచినీరు కూడా ముట్టి ఉండరు. ఆ రోజు ఆహారపదార్థాల పాఠం పెట్టుకోవడం ఎంత అనుచితమో చెప్పనక్కరలేదు.

పాఠ్యపుస్తకాల్లో కుటుంబం, ఇల్లు, సెలవులు అనే పాఠాలు తొలి అధ్యాయాల్లోనే ఉంటాయి. ఇవి సులువైనవని శిక్షణార్థులకు మొదట ఇస్తారు. "నీ కుటుంబం గురించి చెప్పు" అనే ప్రశ్న యుద్ధభూమి నుండి ఒంటరిగా వచ్చిన శరణార్థికి సులువైన ప్రశ్న కాదు. అందుకని సొంత కుటుంబానికి బదులు ఏదైనా కల్పిత కుటుంబం గురించి మాట్లాడే వీలు కల్పించడం నేడు మంచి పద్ధతిగా భావిస్తున్నారు. మాటల దగ్గర కూడా ఈ పాఠం తేలిక కాదు. పెదనాన్న, బాబాయి, మేనమామ, మామయ్య అందరూ ఆంగ్లంలో ఒకే మాటలో ఇమిడిపోతారు. తండ్రి సోదరునికీ తల్లి సోదరునికీ వేరు మాటలున్న అరబ్బులు, చైనీయులు, తెలుగువారు ఆ మాట దగ్గర ఒకేలా తికమకపడతారు.

తెలుగు నేర్పే తరగతిలో

తెలుగును ఇతరులకు నేర్పేచోట ఈ విషయాలు మరింత స్పష్టమవుతాయి. 1969లో మైసూరులో స్థాపితమైన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ కింద పనిచేసే ప్రాంతీయ భాషా కేంద్రాల్లో, ఒక రాష్ట్రపు ఉపాధ్యాయులు మరో రాష్ట్రపు భాషను పది నెలల కోర్సుగా నేర్చుకునే ఏర్పాటు చేశారు. మైసూరులోని దక్షిణ ప్రాంతీయ కేంద్రంలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నేర్పుతూ వచ్చారు. విద్యార్థులు స్వయంగా ఉపాధ్యాయులు కావడం, తమ భాషను బోధించడంలో ఆరితేరినవారు అక్షరమాల దగ్గర కూర్చోవడం ఈ కోర్సులోని విశేషం.

ఇటువంటి తరగతికి తొలిసారి తెలుగు చెప్పేవారు "మనం", "మేము" అనే మాటల దగ్గర ఆగవలసి వస్తుంది. తమిళ విద్యార్థికి నామ్, నాంగళ్ అనే భేదం ఉంది గనుక ఒక్క మాటతో అర్థమవుతుంది. మలయాళికీ అంతే. హిందీ విద్యార్థికి ఉన్నది హమ్ ఒక్కటే. నేటి కన్నడంలోనూ నావు ఒక్కటే. "మనం రేపు ఊరికి వెళ్తున్నాం" అని ఉపాధ్యాయునితో చెప్పే హిందీ విద్యార్థి, తనకు తెలియకుండానే ఆయనను కూడా ప్రయాణానికి బయలుదేరదీస్తున్నాడు.

క్రియల దగ్గర తారుమారవుతుంది. తెలుగులో "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" అనే రెండింటికీ క్రియారూపం ఒకటే. తమిళంలో స్త్రీకి వందాళ్, బస్సుకు వందదు. కన్నడంలో బందళు, బంతు. స్త్రీకీ వస్తువుకూ ఒకే ప్రత్యయం వాడడం తమిళ, కన్నడ విద్యార్థులకు మర్యాదలోపంగా తోచవచ్చు. "వచ్చారు" అనే గౌరవరూపం వారు త్వరగా పట్టుకోవడానికి ఇదొక కారణం కావచ్చు. మలయాళంలో లింగవచనాలను బట్టి క్రియ మారదు కాబట్టి మలయాళీలకు తెలుగు క్రియలే మొత్తంగా కొత్త. ఇలా ఒకే పాఠం ఒకరికి సులువు, పక్కవారికి కష్టం అవుతుంది. "నాకు ఆకలి వేస్తోంది" వంటి వాక్యం మాత్రం భారతీయ విద్యార్థులందరికీ అలవాటైనదే. అమెరికా నుండి వచ్చిన విద్యార్థి "నేను ఆకలిగా ఉన్నాను" అంటూ చాలాకాలం ఉండిపోతాడు. తెలుగు ఉపాధ్యాయునికి తన భాషలో ఆకలి, దాహం, కోపం, నిద్ర మనిషికి వచ్చేవే గాని మనిషి చేసేవి కావని అప్పుడు తడుతుంది.

అభ్యాసం ఎవరి మీద?

శిక్షణార్థులు పాఠం చెప్పే తరగతులకు రుసుము ఉండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. పూర్తి రుసుము కట్టగలవారు అనుభవజ్ఞుల తరగతుల్లో చేరతారు. కాబట్టి అభ్యాస తరగతుల్లో కనిపించేవారిలో హోటలు వంటశాలల్లో పనిచేసేవారు, ఇళ్ళలో పిల్లలను చూసుకునే యువతులు, శరణార్థులు, ఉద్యోగం చేసే భర్తతోనో భార్యతోనో వచ్చి ఇంట్లో ఉండిపోయినవారు ఎక్కువ. అమెరికాలో ప్రజా గ్రంథాలయాలు నడిపే ఉచిత ఆంగ్ల తరగతుల్లో పాఠం చెప్పేది తరచు స్వచ్ఛంద సేవకులే. ఆధారిత వీసా మీద వెళ్ళిన తెలుగు మహిళలకూ, పిల్లల దగ్గరకు వెళ్ళిన తల్లిదండ్రులకూ ఈ తరగతులు పరిచితమే. భాష అవసరం అత్యధికంగా ఉన్నవారికి అనుభవం అత్యల్పంగా ఉన్న ఉపాధ్యాయులు దక్కుతున్నారన్నది ఈ ఏర్పాటుపై ఉన్న ప్రధాన విమర్శ. విమర్శలో న్యాయం ఉంది.

శిక్షణార్థికి మార్కులు వేస్తారు. అతని పాఠ్య పథకాన్నీ, బల్ల మీది దస్తూరీనీ, ప్రశ్నలు వేసే తీరునూ పరిశీలిస్తారు. ఆ తరగతిలోని విద్యార్థి నెల తరువాత ఎంత నేర్చుకున్నాడో సాధారణంగా ఎవరూ కొలవరు. రెండు మూడు రోజులకొకసారి ఉపాధ్యాయుడు మారడంతో పాఠాల మధ్య పొందిక కూడా తక్కువ. విద్యార్థికి మాత్రం అది ఆటవిడుపు కాదు. వైద్యునికి తన నొప్పి చెప్పుకోవడం, జీతం తగ్గించిన యజమానిని ప్రశ్నించడం, పిల్లవాని పాఠశాల నుండి వచ్చిన ఉత్తరం చదవడం ఆ తరగతి మీద ఆధారపడి ఉండవచ్చు. పౌరసత్వానికి భాషాపరీక్ష పెట్టిన దేశాల్లో ఇది మరింత నిజం.

ప్రభుత్వాలు బాధ్యత తీసుకున్నచోట పరిస్థితి వేరు. ఇజ్రాయిల్‌లో 1949లో జెరూసలేంలో మొదలైన ఉల్పాన్ పాఠశాలలు అనేక దేశాల నుండి వచ్చిన వలసదారులను ఒకే గదిలో కూర్చోబెట్టి హీబ్రూలోనే హీబ్రూ నేర్పాయి. జర్మనీ 2005లో ప్రారంభించిన సమైక్యతా కోర్సుల్లో సాధారణంగా 600 పీరియడ్ల భాషాబోధన ఉంటుంది. బీ1 స్థాయి దాని లక్ష్యం. నిర్దేశిత అర్హతలతో ప్రభుత్వ అనుమతి పొందిన ఉపాధ్యాయులే ఆ కోర్సుల్లో పాఠం చెప్పాలి.

అభ్యాస తరగతులను సమర్థించేవారి వాదనలో కూడా బలముంది. విద్యార్థులు కొద్దిమందే ఉంటారు. ప్రతి పాఠం వెనుక గంటల సన్నాహం ఉంటుంది. పేరుపెట్టి పిలిచే ఆరుగురు ఉపాధ్యాయులు, వారిపైన ఒక శిక్షకుడు గదిలోనే ఉంటారు. రుసుము కట్టే తరగతిలో ఇంత శ్రద్ధ దొరకడం కష్టం. ఈ వాదన నిలబడాలంటే పర్యవేక్షణ నిజంగా ఉండాలి. శిక్షకుడు లేకుండా, జీతం లేకుండా ఇంటర్నులను మామూలు తరగతుల్లో నిలబెట్టి, విద్యార్థుల నుండి పూర్తి రుసుము వసూలుచేసే పాఠశాలలు కొన్నిచోట్ల ఉన్నాయి. అటువంటిదానిని బోధనాభ్యాసం అనడం తగదు. చేరదలచినవారు మూడు విషయాలు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది: పాఠాన్ని చూసేవారు ఎవరు, చూసిన తరువాత ఎప్పుడు మాట్లాడతారు, విద్యార్థులకు తమ ఉపాధ్యాయుడు శిక్షణలో ఉన్నాడని చెప్పారా లేదా.

మాతృభాషా వివక్ష

ఆంగ్లం మాతృభాషగా గలవారే మంచి ఉపాధ్యాయులన్న నమ్మకం ఈ రంగంలో బలంగా ఉంది. రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో వెలువరించిన లింగ్విస్టిక్ ఇంపీరియలిజం అనే గ్రంథంలో దీనిని భ్రమగా పేర్కొని ఖండించాడు. హంగరీకి చెందిన పీటర్ మెజెష్, పరాయి భాషగా నేర్చుకున్న ఉపాధ్యాయునికి విద్యార్థి పడే కష్టం ముందే తెలిసి ఉంటుందని వాదించాడు. ఆంగ్లోపాధ్యాయుల అంతర్జాతీయ సంఘమైన టెసోల్ 2006లో ఈ వివక్షను వ్యతిరేకిస్తూ ప్రకటన చేసింది. అయినా తూర్పు ఆసియా, గల్ఫ్ దేశాల్లోని ఉద్యోగ ప్రకటనల్లో పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడం పూర్తిగా పోలేదు. కొన్నిచోట్ల వీసా నిబంధనలే అలా ఉన్నాయి. దీని ఫలితంగా, ఒకే కోర్సు ఒకే శ్రేణిలో ఉత్తీర్ణులైన ఇద్దరిలో హైదరాబాదు నుండి వచ్చినవారికి ఉద్యోగం దొరకడం కష్టమవుతుంది. విద్యార్థులు కూడా తొలిరోజు ఉపాధ్యాయుని రంగు చూసి నిరాశ చెందడం ఉంది. రెండు మూడు పాఠాలు బాగా నడిస్తే ఆ నిరాశ తరచు పోతుందని శిక్షకుల అనుభవం. అయితే ఆ రెండు మూడు పాఠాలు చెప్పే అవకాశం ముందు దొరకాలి.

హైదరాబాదులో

ఇటువంటి తరగతులు చూడడానికి విదేశాలకే వెళ్ళనక్కరలేదు. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. 1972లో ఇతర విదేశీ భాషలను కూడా చేర్చుకుని సీఫెల్ అయింది. 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారింది. తార్నాక సమీపంలోని ఈ ప్రాంగణానికి, భారత ప్రభుత్వం 1964లో ప్రారంభించిన ఐటెక్ సహకార పథకం కింద ఆఫ్రికా, మధ్య ఆసియా, ఆగ్నేయాసియా, లాటిన్ అమెరికా దేశాల వారు ఆంగ్లం నేర్చుకోవడానికి వస్తూ వచ్చారు. ఆంగ్లం ఎవరికీ మాతృభాష కాని గదిలో, ఆంగ్లాన్ని రెండవ భాషగా నేర్చుకున్నవారు పాఠం చెబుతారు. ప్రపంచంలో నేడు ఆంగ్లం ఎక్కువగా వాడుతున్నది ఇటువంటివారి మధ్యనే కాబట్టి ఈ తరగతిని అరుదైనదిగా భావించనక్కరలేదు.

మామూలు పాఠశాలల విషయానికి వస్తే, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు రెండేళ్ళ బి.ఎడ్. కోర్సులో 20 వారాల క్షేత్రానుభవాన్ని నిర్దేశించాయి. ఆరు గంటల సెల్టాతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. అయితే అక్కడి భాషాబోధన పద్ధతులు తరగతి అంతటికీ తెలుగు వచ్చుననే భావనతోనే రూపొందాయి. ఒడిశా నుండి ఇటుకబట్టీలకు వచ్చే కూలీల పిల్లలు, గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలు, హైదరాబాదు నిర్మాణపనులకు వచ్చిన బీహారు, ఉత్తర ప్రదేశ్ కుటుంబాల పిల్లలు కూర్చునే గదుల్లో ఆ భావన చెల్లదు. ఆ గదుల్లో తెలుగే పరాయి భాష. అక్కడికి వెళ్ళే బి.ఎడ్. విద్యార్థికి పైన చెప్పిన పద్ధతులు, బొమ్మలు, చిన్న ప్రశ్నలు, తప్పు వెనుక ఉన్న భాషను చూడడం, అన్నీ అవసరమే. ప్రస్తుతం వాటిని ఎవరికివారే వెతుక్కోవలసి వస్తోంది.

2020లో కరోనా వ్యాప్తి వలన పాఠశాలలు మూతపడినప్పుడు సెల్టా బోధనాభ్యాసాన్ని పూర్తిగా అంతర్జాలం ద్వారా జరపడానికి అనుమతి లభించింది. ఆ విధానం తరువాత కూడా కొనసాగుతోంది. దీనివలన ప్రయాణ ఖర్చులు భరించలేని శిక్షణార్థులకు అవకాశం పెరిగింది. ఒకే తరగతిలోని విద్యార్థులు ఇప్పుడు వేరువేరు దేశాల్లో, వేరువేరు వేళల్లో ఉంటున్నారు. గది వెనుక కూర్చునే శిక్షకుడు తెర మీద కెమెరా మూసిన ఒక చిన్న గడిగా మారాడు. బల్ల మీద వస్తువు పెట్టి చూపడం మాత్రం కష్టమైంది.